పద్దుల చదువు: మీటలు నొక్కడం నేర్పితే సరిపోతుందా?

డిగ్రీ ప్రవేశాల రోజులు వచ్చాయంటే మన ఇళ్ళలో ఒక చర్చ తప్పనిసరిగా జరుగుతుంది. ఇంటర్మీడియట్‌లో సీఈసీయో, ఎంఈసీయో పూర్తిచేసిన పిల్లవాణ్ణి, పిల్లను ఏ కోర్సులో చేర్పించాలి? ఇంటి పెద్దలు నలుగురూ కూర్చుని ఆలోచించి, చివరకు “బీకాం కంప్యూటర్స్‌లో చేర్పిద్దాం. పద్దులూ వస్తాయి, కంప్యూటరూ వస్తుంది. ఇక్కడ కాకపోతే గల్ఫ్‌లోనైనా ఏదో ఒక పని దొరుకుతుంది” అని తీర్మానిస్తారు. ఈ ఆలోచనలో తప్పేమీ లేదు. చిన్నదైనా పెద్దదైనా ప్రతి వ్యాపారానికీ లెక్కలు రాసే మనిషి కావాలి. ఆ అవసరం ఏనాడూ తీరేది కాదు.

మూడేళ్ళు గడుస్తాయి. పట్టా చేతికి వస్తుంది. ట్యాలీ నేర్చుకున్నట్టు సర్టిఫికెట్టు కూడా వస్తుంది. తీరా ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఓచరు ఎలా వెయ్యాలో అడగడు. “నువ్వు వేసిన ఓచరును ఎవరు ఆమోదించాలి? పోయిన నెల పద్దులో తప్పు దొర్లిందని ఇప్పుడు తెలిస్తే ఎలా సరిచేస్తావు? నీ పేరు మీద మరొకరు పద్దు వేశారని అనుమానం వస్తే ఎక్కడ చూస్తావు?” అని అడుగుతాడు. పిల్లవాడు నోరు మెదపలేడు. వాడు తెలివితక్కువవాడని కాదు. ఆ ప్రశ్నలు వాడి మూడేళ్ళ చదువులో ఎక్కడా తగలలేదు. ఎందుకంటే వాడు పద్దులు ఒంటరిగా నేర్చుకున్నాడు. ఉద్యోగంలో మాత్రం వాటిని పదిమందితో కలిసి రాయాలి.

వాణిజ్యం, పద్దులు చదివే విద్యార్థులకు ఉమ్మడి కంప్యూటరు వ్యవస్థ మీద, అంటే అనేకమంది ఒకేసారి ఎవరి పేరుతో వారు ప్రవేశించి పనిచేసే ఒకే ఖాతాల వ్యవస్థ మీద, పాఠం చెప్పడం ఎందుకు అవసరమో ఈ వారం ఆలోచిద్దాం.

చిట్టా నుంచి కంప్యూటరు దాకా

మన తెలుగు వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకాలు తెరిస్తే చిట్టా, ఆవర్జా, ఖాతా, జమ, ఖర్చు, బాకీ, వసూలు అనే మాటలు కనిపిస్తాయి. ఉర్దూ తెలిసిన పాఠకులకు వీటిలో చాలా మాటలు పాత చుట్టాలే. ఆ కాలపు దుకాణంలో గుమాస్తా ఒక్కడే రాసేవాడు, షావుకారు ఒక్కడే చూసేవాడు. రాత్రికి పుస్తకం పెట్టెలోకి వెళ్ళేది, పెట్టెకు తాళం పడేది. ఆ పుస్తకానికి ఒక కట్టుబాటు ఉండేది. పద్దు తప్పయితే చెరిపివేయరాదు, కాగితం చింపరాదు. అంకె మీద ఒక గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, సంతకం చేయాలి. తప్పు ఏమిటో, దిద్దినవాడు ఎవరో పదేళ్ళ తరువాత చూసినా తెలిసేది.

కంప్యూటరు వచ్చాక పని తేలికయింది. మన దేశంలో 1986లో మొదలైన ట్యాలీ కంపెనీ తయారుచేసిన ప్రోగ్రాము చిన్న దుకాణదారుకు కూడా అందుబాటులోకి వచ్చింది. ఓచరు వేస్తే చాలు, ఆవర్జా, అంకణా, లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ క్షణాల్లో సిద్ధం. కాని ఈ సౌకర్యంతోపాటు ఒక నష్టం కూడా వచ్చింది. ఆరు నెలల కిందటి పద్దు తెరిచి అంకె మార్చేస్తే, మార్చిన ఆనవాలు కంటికి కనిపించకుండా పోయింది. కాగితం మీది గీత మాయమైంది.

ఆ గీతను ప్రభుత్వం చట్టం ద్వారా తిరిగి తెచ్చింది. కంపెనీల ఖాతాల నియమాలను 2021 మార్చిలో సవరించారు. అమలు రెండుసార్లు వాయిదా పడి చివరకు 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. దీని ప్రకారం కంపెనీలు వాడే ఖాతాల ప్రోగ్రాములో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి. దీనినే ఎడిట్ లాగ్ అంటున్నారు. ఈ నమోదును ఆపివేసే వీలు ఉండకూడదు. అది ఏడాది పొడుగునా సరిగా పనిచేసిందో లేదో ఆడిటరు తన నివేదికలో చెప్పాలి. సొంత దుకాణాలకు ఈ నియమం వర్తించకపోయినా, కంపెనీలో ఉద్యోగం చేయదలచిన ప్రతి కామర్సు విద్యార్థికీ వర్తించినట్టే.

ఒకరి పద్దు ఇంకొకరి పద్దుకు ముడి

ఇది కంపెనీలతో ఆగలేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక దేశంలోని రిజిస్టరయిన వ్యాపారులందరూ ఒక విధంగా ఒకే ఉమ్మడి వ్యవస్థ మీదికి వచ్చారు. ఒక ఉదాహరణ చూద్దాం. కర్నూలులోని దుకాణదారు హైదరాబాదులోని డీలరు దగ్గర లక్ష రూపాయల సరుకు కొన్నాడు. పన్ను 18 శాతం అనుకుంటే 18 వేలు అదనంగా చెల్లించాడు. ఆ 18 వేలను తాను కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకునే హక్కు అతనికి ఉంది. కాని 2022 జనవరి 1 నుంచి దానికి ఒక షరతు చేరింది. హైదరాబాదు డీలరు ఆ బిల్లును తన రిటర్నులో చూపాలి. అది కర్నూలు దుకాణదారు పేర తయారయ్యే పట్టికలో కనిపించాలి. డీలరు దగ్గరి గుమాస్తా బిల్లు ఎక్కించడం మరచినా, జీఎస్టీ నంబరులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా, కర్నూలులోని మనిషికి 18 వేలు నిలిచిపోతాయి.

ఐదు కోట్ల రూపాయల టర్నోవరు దాటిన వ్యాపారులు ఇతర వ్యాపారులకు ఇచ్చే బిల్లులను 2023 ఆగస్టు 1 నుంచి ప్రభుత్వ పోర్టలులో నమోదు చేసి, అక్కడ వచ్చే నంబరుతోనే ఇవ్వాలి. మన పిల్లలు వెళ్ళే గల్ఫ్ దేశాల్లోనూ ఇదే గాలి వీస్తోంది. సౌదీ అరేబియాలో 2018లో 5 శాతంతో మొదలైన వ్యాట్ 2020 జూలైలో 15 శాతానికి పెరిగింది. ఎలక్ట్రానిక్ బిల్లులు 2021 డిసెంబరు 4 నుంచి తప్పనిసరి అయ్యాయి. 2023 జనవరి నుంచి వ్యాపారుల బిల్లుల వ్యవస్థలను విడతల వారీగా ప్రభుత్వ వ్యవస్థతో కలుపుతున్నారు. “లెక్కలు నా పుస్తకంలో ఉన్నాయి, నేను తరువాత చూసుకుంటాను” అనే కాలం అక్కడా పోయింది, ఇక్కడా పోయింది.

ల్యాబులో జరుగుతున్నది ఏమిటి?

ఇంత మారినా ల్యాబులో పాఠం చాలాచోట్ల పాత పద్ధతిలోనే సాగుతోంది. విద్యార్థి ఒక కంప్యూటరు ముందు కూర్చుంటాడు. పాఠ్యపుస్తకంలోని లెక్క చూసి ఒక కంపెనీని సృష్టిస్తాడు, ఇరవై ఓచర్లు వేస్తాడు, ఆస్తి అప్పుల పట్టీ ప్రింటు తీసి రికార్డు పుస్తకంలో అంటిస్తాడు. ఆ కంపెనీకి యజమాని, గుమాస్తా, క్యాషియరు, ఆడిటరు అన్నీ వాడే. వాడు వేసిన పద్దు వల్ల ఇంకెవరికీ లాభం లేదు, నష్టమూ లేదు. లైసెన్సు లేకుండా విద్యార్థుల కోసం ఉచితంగా ఇచ్చే ట్యాలీ కూర్పులోనైతే నెలలో ఒకటి, రెండు, ముప్పయ్యొకటి వంటి కొద్ది తేదీలకే పద్దులు వేయనిస్తుంది. వాడుకలో ఉన్న వ్యాపారం రోజూ ఎలా నడుస్తుందో అందులో కనిపించదు.

మరికొన్నిచోట్ల కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపారు గాని, తరగతి మొత్తానికి ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. బోర్డు మీద రాసి ఉంచుతారు. ఎవరు ఏ పద్దు వేశారో యంత్రానికి తెలియదు, మాస్టారికీ తెలియదు. ఇది ఉమ్మడి వ్యవస్థ అనిపించుకోదు. అరవైమంది ఒకే వేలిముద్ర వేసినట్టు అవుతుంది. పైగా పాస్‌వర్డు అందరిదీ అనే అలవాటు విద్యార్థికి మొదటి రోజే పడిపోతుంది. రేపు ఉద్యోగంలో పక్క సీటు మిత్రుడు “కాస్త నీ పాస్‌వర్డు చెప్పవోయ్” అంటే మొహమాటానికి చెప్పేస్తాడు.

ఉమ్మడి వ్యవస్థ మీద పాఠం ఎలా ఉంటుంది?

ఒక కంప్యూటరును అనేకమంది విద్యార్థులు పంచుకోవడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని డార్ట్‌మౌత్ కళాశాలలో ఇద్దరు గణిత అధ్యాపకులు, జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్, 1964లోనే ఒకే యంత్రాన్ని అనేకమంది విద్యార్థులు ఒకేసారి వాడుకునే ఏర్పాటు చేశారు. కంప్యూటరు శాస్త్రజ్ఞులకే కాక అన్ని విభాగాల విద్యార్థులకూ అందాలన్నది వారి ఉద్దేశం. ఆనాడు పంచుకోవడానికి కారణం యంత్రం ఖరీదు. నేడు కంప్యూటరు చౌక అయింది గాని, పంచుకోవలసిన అవసరం మరో రూపంలో వచ్చింది. ఇప్పుడు పంచుకోవలసింది ఖాతా పుస్తకాన్ని.

జర్మనీలో 1972లో ఐబీఎం నుంచి బయటికి వచ్చిన ఐదుగురు ఉద్యోగులు స్థాపించిన శాప్ కంపెనీ, కొనుగోలు, గిడ్డంగి, అమ్మకం, జీతాలు, పద్దులు అన్నిటినీ ఒకే వ్యవస్థలో కలిపే ప్రోగ్రాములు తయారుచేసింది. పెద్ద కంపెనీల్లో అది వ్యాపించాక, దానిని తరగతి గదిలో నేర్పడానికి విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలు కుదిరాయి. అయితే ఇంత పెద్ద వ్యవస్థను ప్రతి కళాశాల సొంతంగా నడపలేదు. అందుకని కొన్ని విశ్వవిద్యాలయాలు కేంద్రాలుగా ఏర్పడి, ఇతర కళాశాలల కోసం కూడా వ్యవస్థను నడుపుతున్నాయి. జర్మనీలో మాగ్డెబర్గ్, మ్యూనిక్, అమెరికాలో మిల్వాకీ అలాంటి కేంద్రాలు. కళాశాల చందా కడుతుంది, విద్యార్థి తన చోటి నుంచే ప్రవేశిస్తాడు.

ఈ పాఠాల కోసం గ్లోబల్ బైక్ అనే ఊహా కంపెనీని సృష్టించారు. అది సైకిళ్ళు తయారుచేసి అమ్ముతుంది. దాని లెక్కలు అమెరికాలోనూ జర్మనీలోనూ ఉంటాయి. తరగతిలో ప్రతి విద్యార్థికీ ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరుతోనే వాడు ప్రవేశించాలి, వాడు తెరిచిన ఖాతాదారు పేరు పక్కన, వేసిన ప్రతి పద్దు పక్కన ఆ నంబరు ఉంటుంది. కెనడాలోని మాంట్రియల్ వాణిజ్య కళాశాల హెచ్ఈసీ ఇంకో అడుగు వేసి దీనిని పోటీగా మార్చింది. విద్యార్థులు జట్లుగా ఏర్పడి అల్పాహారపు గింజల మిశ్రమం తయారుచేసే కంపెనీలు నడుపుతారు. నిమిషాల్లో రోజులు గడిచిపోతాయి. ధర నిర్ణయించేవాడు, ముడిసరుకు కొనేవాడు, లెక్కలు చూసేవాడు ఒకరి అంకెల మీద ఒకరు ఆధారపడాలి. ఒకడు నిద్రపోతే జట్టంతా మునుగుతుంది.

ఇంత ఖరీదైన ఏర్పాటు లేకుండానే మన కళాశాలలో ఈ పాఠం ఎలా చెప్పవచ్చో చూడండి. అరవైమంది తరగతిని ఆరుగురేసి పది జట్లు చేద్దాం. ప్రతి జట్టులో ఒకరు కొనుగోలు చూస్తారు. ఒకరు గిడ్డంగి. ఒకరు బిల్లులు. ఒకరు చెల్లింపులు. ఒకరు ఆమోదించే అధికారి. ఆరో మనిషి తనిఖీదారు, అతను అన్నీ చూడగలడు గాని ఏదీ మార్చలేడు. ఎవరి పాస్‌వర్డు వారిది.

కొనుగోలు చూసే అమ్మాయి నూరు సైకిళ్ళకు ఆర్డరు వేసింది. సరుకు వచ్చింది, గిడ్డంగి అబ్బాయి లెక్కపెట్టి తొంభయ్యైదు అని నమోదు చేశాడు. అమ్మకందారు పంపిన బిల్లు మాత్రం నూటికి ఉంది. బిల్లుల దగ్గర కూర్చున్న విద్యార్థి దానిని ఎక్కించగానే వ్యవస్థ ఆపివేస్తుంది. ఆర్డరు, అందిన సరుకు, బిల్లు మూడూ కలవడం లేదు. ఇప్పుడు వాడు లేచి గిడ్డంగి మిత్రుడి దగ్గరకు పోవాలి. సరుకు తక్కువ వచ్చిందా? లెక్క తప్పిందా? తేలేదాకా చెల్లింపు జరగదు. చివర తనిఖీదారు ఎడిట్ లాగ్ తీసి, తొంభయ్యైదును ఎవరైనా నూరుగా దిద్దారా, ఏ సమయంలో దిద్దారు, ఎందుకు దిద్దారు అని అడుగుతాడు. ఈ ఒక్క గంట పాఠంలో విద్యార్థి నేర్చుకునేది వంద ఓచర్లు ఒంటరిగా వేసినా రాదు.

సత్యం చెప్పిన పాఠం

ఇదంతా పుస్తకాల మాట అనుకునేవారికి మన హైదరాబాదులోనే జరిగిన ఉదంతం ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చింది. ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఆ లేఖ సారాంశం. తరువాత దర్యాప్తులో తేలిన విషయం మన చర్చకు ముఖ్యం. కంపెనీ బిల్లుల వ్యవస్థలో 7,561 దొంగ బిల్లులు ఉన్నాయని సీబీఐ తేల్చింది. అందరికంటే ఎక్కువ అధికారాలున్న ఒక ప్రత్యేక ప్రవేశం ద్వారా, అంటే సూపర్ యూజర్ ద్వారా, వాటిని సృష్టించి, మిగతా విభాగాలవారి కంటికి కనిపించకుండా దాచారు. ఆ విభాగాలవారికి అవి కనిపించి ఉంటే “ఈ పని మేము చేయలేదే” అని ఎవరో ఒకరు అడిగి ఉండేవారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం రాజును, మరికొందరిని, అందులో ఆడిటర్లను కూడా, దోషులుగా ప్రకటించి ఏడేళ్ళ జైలుశిక్ష విధించింది. అప్పీలు చేసుకున్నాక వారికి బెయిలు లభించింది.

ముంబయిలోని ఒక బ్రాంచిలో జరిగిన మోసాన్ని 2018 ఫిబ్రవరి 14న పంజాబ్ నేషనల్ బ్యాంకు బయటపెట్టింది. మొదట చెప్పిన మొత్తమే సుమారు 11,400 కోట్ల రూపాయలు. అక్కడ జరిగింది వేరు. విదేశీ బ్యాంకులకు హామీ సందేశాలు పంపే వ్యవస్థ ఒకటి, బ్యాంకు అసలు ఖాతాల వ్యవస్థ మరొకటి. రెండింటికీ ముడి లేదు. సందేశాలు వెళ్ళాయి గాని ఖాతాల్లో పద్దు పడలేదు. ఆ తరువాత రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ గడువు పెట్టి రెండు వ్యవస్థలను కలపమని ఆదేశించింది.

ఒకచోట అధికారమంతా ఒక ప్రవేశం దగ్గర పోగుపడింది. మరోచోట రెండు పుస్తకాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. రెండుచోట్లా పద్దులు తెలిసిన చదువుకున్న వాళ్ళే ఉన్నారు. ఉమ్మడి వ్యవస్థలో ఎవరికి ఎంత అధికారం ఉండాలి, ఎవరి పని ఎవరు చూడాలి అన్న విషయం పరీక్షలో మార్కుల కోసం బట్టీపట్టే నిర్వచనంగా మిగిలిపోతే ఇలాంటివి మళ్ళీ జరుగుతాయి.

యంత్రమే అబద్ధం చెబితే?

ఇంతవరకు చూసింది మనుషుల దోషం. దీనికి ఇంకో పక్క కూడా ఉంది, దాన్ని విస్మరించరాదు. బ్రిటన్‌లో తపాలా శాఖ 1999 నుంచి తన బ్రాంచీలన్నిటికీ హొరైజన్ అనే ఉమ్మడి ఖాతాల వ్యవస్థను పెట్టింది. ఊళ్ళలో చిన్న తపాలా కార్యాలయాలు నడుపుకునే వారి లెక్కల్లో ఉన్నట్టుండి లోట్లు కనిపించసాగాయి. తాము దొంగిలించలేదని వారు మొత్తుకున్నా, కంప్యూటరు తప్పు చెప్పదన్న నమ్మకంతో వారిపై కేసులు పెట్టారు. 1999 నుంచి 2015 దాకా తొమ్మిది వందలకు పైగా మందికి శిక్షలు పడ్డాయి. వారిలో భారత సంతతివారు కూడా ఉన్నారు. సీమా మిశ్రా అనే ఆమెను 2010లో గర్భవతిగా ఉండగానే జైలుకు పంపారు.

2019 డిసెంబరులో లండన్ హైకోర్టు ఆ వ్యవస్థలో లోపాలు ఉన్నాయని తీర్పు చెప్పింది. అంతేకాదు, బ్రాంచివారికి తెలియకుండా దూరం నుంచి వారి లెక్కలు మార్చే వీలు వ్యవస్థ నడిపే కంపెనీ సిబ్బందికి ఉందని కూడా తేలింది. అది సాధ్యమే కాదని అంతకుముందు ఎన్నో ఏళ్ళు చెబుతూ వచ్చారు. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు సీమా మిశ్రాతో సహా 39 మంది శిక్షలను కొట్టివేసింది. 2024 మేలో పార్లమెంటు చట్టం చేసి వందలాది మంది శిక్షలను ఒక్కసారిగా రద్దు చేయవలసి వచ్చింది. అప్పటికి కొందరు కన్నుమూశారు. ఇళ్ళు అమ్ముకున్నవారు, పరువు పోయినవారు ఎందరో.

ఈ ఉదంతం కామర్సు విద్యార్థికి రెండు సంగతులు నేర్పాలి. వ్యవస్థ చూపే అంకెకు, చేతిలో ఉన్న నగదుకు, కాగితం మీది బిల్లుకు పొంతన కుదరకపోతే అంకెనే నమ్మి ఊరుకోరాదు. ఎడిట్ లాగ్ చూపమని అడిగే హక్కు తనిఖీదారుకే కాదు, ఆరోపణ ఎదుర్కొనే గుమాస్తాకు కూడా ఉండాలి. ఉమ్మడి వ్యవస్థలో నీ పేరు మీద ఉన్న ప్రతి పద్దూ నీకు సాక్ష్యం కావచ్చు, నీ మీద సాక్ష్యమూ కావచ్చు. గల్ఫ్‌లో పరాయి దేశపు చట్టం కింద పనిచేసే మన పిల్లవాడికి ఈ ఎరుక ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఇబ్బందులు, దారులు

అధ్యాపకులు చెప్పే ఇబ్బందులు నిజమైనవే. మొదటిది ఖర్చు. శాప్ వంటి వ్యవస్థకు చందా కట్టే స్తోమత చిన్న ఊరి కళాశాలకు ఉండదు. కాని ముంబయికి చెందిన ఫ్రాపే సంస్థ తయారుచేసిన ఈఆర్‌పీనెక్స్ట్ వంటి ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతున్నాయి. లైసెన్సు రుసుము లేదు. కళాశాలలో ఒక మంచి కంప్యూటరు మీద పెడితే చాలు, మిగతా వాటిలో ఇంటర్నెట్ పేజీ తెరిచినట్టే తెరుచుకుంటుంది. ప్రతి మనిషికి వేరే ప్రవేశం, వేరే అధికారాలు ఇవ్వవచ్చు. ట్యాలీ వదిలేయమని దీని అర్థం కాదు. ఊళ్ళో ఉద్యోగాలకు ట్యాలీ రావలసిందే. ట్యాలీలోనూ అనేకమంది కలిసి పనిచేసే కూర్పు ఉంది, ఎడిట్ లాగ్ ఉన్న కూర్పూ ఉంది. వాటిని వాడి ఈ పాఠం చెప్పవచ్చు.

రెండవది, ఒకడు చేసిన తప్పుకు జట్టంతా ఆగిపోతుందన్న భయం. ఎవరో పొరపాటున నెల లెక్కలు ముగించేస్తే మిగతావారు పద్దు వేయలేరు. ఇది నిజమే. అందుకని ప్రతి పాఠానికి ముందు లెక్కల నకలు తీసి పెట్టుకుని, పాడైతే మళ్ళీ మొదటి స్థితికి తేవాలి. ఒక్కోసారి తప్పును అలాగే ఉంచి, దానిని సరిచేసే పద్దు ఎలా వేయాలో చెప్పడమే మంచి పాఠం.

మూడవది మార్కులు. జట్టు పనిలో ఒకడు చేస్తే ఐదుగురికి మార్కులు వస్తాయని తల్లిదండ్రులు కూడా అంటారు. ఉమ్మడి వ్యవస్థలో ఈ ఫిర్యాదుకు జవాబు ఉంది. ఎవరు ఎప్పుడు ఏ పద్దు వేశారో వ్యవస్థే చెబుతుంది. ప్రింటు కాగితం ఒకరి దగ్గర ఒకరు నకలు చేసుకోవచ్చు గాని, పేరుతో సమయంతో నమోదైన పనిని నకలు చేయడం కష్టం. ఒక్క షరతు, పాస్‌వర్డు ఎవరిది వారి దగ్గరే ఉండాలి.

నాలుగవది అధ్యాపకుల తర్ఫీదు. ఇది అన్నిటికంటే పెద్దది. పుస్తకం చూసి ఓచరు చెప్పగలిగిన మాస్టారు, ఆరుగురి మధ్య అధికారాల పంపకం చేయాలంటే తానే ముందు నేర్చుకోవాలి. పట్టణంలోని ఆడిటరును, పెద్ద దుకాణంలో లెక్కలు చూసే సీనియరును నెలకొకసారి పిలిపించుకున్నా చాలా మేలు.

ఆడపిల్లల విషయంలో ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. ఇంటర్నెట్ మీద నడిచే వ్యవస్థ అయితే సాయంత్రం దాకా ల్యాబులో ఉండలేని అమ్మాయి తన వంతు పని ఇంటి నుంచే పూర్తిచేయవచ్చు. రేపు ఇంటి నుంచే నాలుగు దుకాణాల లెక్కలు చూసే ఉపాధికి అది దారి కూడా అవుతుంది.

తల్లిదండ్రులు అడగవలసింది

పిల్లలను కళాశాలలో చేర్చేటప్పుడు ల్యాబులో ఎన్ని కంప్యూటర్లు ఉన్నాయో, ఏసీ ఉందో లేదో మనం చూస్తాం. ఇకమీదట ఇంకో నాలుగు మాటలు అడగండి. మా అబ్బాయికి, అమ్మాయికి సొంత పేరుతో ప్రవేశం ఇస్తారా, లేక అందరికీ ఒకటేనా? ఒకరు వేసిన పద్దును మరొకరు ఆమోదించే అభ్యాసం ఉందా? తప్పు దిద్దడం, ఎడిట్ లాగ్ చదవడం నేర్పుతారా? జీఎస్టీ పట్టికతో కొనుగోళ్ళు సరిచూసే పని చేయిస్తారా? ప్రిన్సిపాలు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోయినా నష్టం లేదు. పదిమంది తల్లిదండ్రులు అడిగితే పదకొండవసారికి కళాశాల ఆలోచించక తప్పదు.

ఇంట్లోనూ మనం చేయగలిగింది ఉంది. మన కుటుంబాల్లో చాలామందికి చిన్న వ్యాపారాలు ఉన్నాయి. బట్టల కొట్టో, పండ్ల వ్యాపారమో, మెకానిక్ షెడ్డో. కామర్సు చదివే పిల్లలకు ఆ లెక్కల్లో ఒక భాగం అప్పగించండి. అన్న బిల్లులు వేస్తే చెల్లెలు సరిచూడాలి. ఇద్దరిలో ఎవరూ రెండోవారి పాస్‌వర్డు వాడకూడదు. ఇద్దరూ తోబుట్టువులే కదా, దాపరికం ఎందుకని అనిపించవచ్చు. ఒకరి మాటను ఒకరు శంకించే అవసరం రాకుండా చేసేదే ఈ కట్టుబాటు.

పాఠకులకు విదితమే, దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం అల్ బఖరా సూరాలోని 282వది. అది చెప్పేది అప్పు లావాదేవీని రాసిపెట్టుకోవడం గురించి, న్యాయంగా రాసే లేఖకుని గురించి, సాక్షుల గురించి. రాసేవాడు వేరు, సాక్షులు వేరు. ఒక మనిషి మీదే భారమంతా వేయని ఈ ఏర్పాటును, నేటి ఖాతాల వ్యవస్థలో పద్దు వేసేవాణ్ణి, ఆమోదించేవాణ్ణి, తనిఖీదారును వేరుచేయడంతో పోల్చి చూస్తే, విషయం మనకు కొత్తది కాదని తెలుస్తుంది.

పాస్‌వర్డు ఒక అమానత్. దాని వెనుక వేసే ప్రతి పద్దూ ఒక సాక్ష్యం. ట్యాలీ మీటలు ఆరు వారాల్లో ఎవరైనా నేర్పగలరు. పదిమంది చూస్తుండగా నిజమైన అంకె వేయడం, వేసిన అంకెకు జవాబు చెప్పడం, పక్కవాడి అంకె తప్పయితే అడగడం నేర్పడానికే మూడేళ్ళ చదువు ఉన్నది. మన పిల్లలకు ఆ చదువు అందుతోందా లేదా అని ఈ ప్రవేశాల కాలంలో ప్రతి తల్లీ తండ్రీ ఆలోచించవలసి ఉంది.